నా చూచిరాత రాసిన మామ్మ

మా మనవడు రెండో తరగతి చదువుతున్నాడు. మొన్న ఆదివారం వాడికి స్కూల్లో ఇచ్చిన ప్రాజెక్టు పనిని మా కోడలు హాలు మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చుని చేస్తోంది. థర్మోకోల్ అట్ట మీద పల్లెటూరు. పచ్చకాగితం పొలాలు, అగ్గిపుల్లల కంచె, దూది మబ్బులు. చదువుకోవాల్సిన మహానుభావుడు మాత్రం సోఫాలో బోర్లా పడుకుని ఫోనులో కార్లు గుద్దిస్తున్నాడు. "ఒరేయ్, కనీసం ఆ ఆవునైనా నువ్వు అంటించరా" అన్నాను. "అమ్మ బాగా అంటిస్తుంది నానమ్మా" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. నిజమే, ఆవు చక్కగా నిలబడింది.

అంతలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. చిన్న తరగతుల పిల్లలకి హోంవర్కు అవసరమా, కాదా? ఇక చూడండి, గ్రూపులో తల్లులు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. పిల్లల బాల్యం పోతోందని కొందరు, ఇవ్వకపోతే ఫోను వదలరని కొందరు. తండ్రులు యథాప్రకారం నమస్కారాల బొమ్మలు పెట్టి తప్పుకున్నారు. మా కోడలి వేళ్ళన్నీ జిగురు. "అత్తయ్యగారూ, మీరు టీచరుగా చేశారు కదండీ, మీరే చెప్పండి. అవునని నొక్కనా, కాదని నొక్కనా?" అని ఫోను నా చేతికిచ్చింది.

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకి హోంవర్కు ఇచ్చి, దిద్ది, చేయనివాళ్ళని గుడ్లురిమి చూసి రిటైరైన మనిషిని. సమాధానం నాలుక చివర ఉండాలి. కానీ "ఉండమ్మా, ఆలోచించి చెబుతాను" అని బాల్కనీలోకి వచ్చేశాను. ఎందుకంటే ఈ ప్రశ్న మీద మా ఇంటివాళ్ళ మధ్య ఒకప్పుడు ఊరు ఊరంతా విన్న తగాదా జరిగింది. అందులో దోషిని నేనే.

మా ఊరు కాలవ గట్టు మీద, ఆత్రేయపురానికి నడిచి వెళ్ళేంత దూరం. ఇంటింటా ఆడవాళ్ళు పూతరేకులకి రేకులు తీసేవాళ్ళు. మా పెరట్లో తాటాకు పాక, పాకలో పొయ్యి, పొయ్యి మీద బోర్లించిన పెద్ద కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. ఆ కుండ ముందు ముక్కాలి పీట మీద మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, కాలిన కుండ మీంచి ఒక్క లాగు లాగేది. గుడ్డ ఇవతలికి వచ్చేసరికి కుండ మీద రేకు తయారు. గోటితో అంచు లేపి ఊడదీసి పక్కన పెట్టేది. లాగేటప్పుడు చేయి మధ్యలో ఆగితే రేకు చిరుగుతుంది. మామ్మ చేయి ఎప్పుడూ ఆగేది కాదు.

కొబ్బరాకు పొగ, కొంచెం పులిసిన పిండి, కుండకి రాసిన నూనె, ఈ మూడూ కలిసిన వాసన మా ఒంటి మీదా, బట్టల మీదా, జడల్లోనూ ఉండేది. బడిలో అందరిదీ అదే వాసన కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. చిరిగిన రేకులు పిల్లల వాటా. వాటి మీద ఇంత నెయ్యి చుక్క, పంచదార జల్లి ఇస్తే చప్పరించేవాళ్ళం. అందుకే రేకు తీసేటప్పుడు మామ్మ మోచేతికి తగిలేలా పరిగెత్తడం మాకు అలవాటు. "ఇంకోసారి తగిలావంటే కుండ మీద కూర్చోబెడతాను" అనేది. రేకు ముక్క ఇచ్చేది కూడా ఆవిడే.

మా బడికి ఉన్న పాత మాస్టారు పిల్లలకి ఇంటి దగ్గర రాసుకురమ్మని ఏనాడూ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీసేవారు, మేం ఆయన నిద్ర చెడకుండా ఎక్కాలు మెల్లగా అరిచేవాళ్ళం. నేను మూడో తరగతికి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయి సామర్లకోట నుంచి కుర్ర మాస్టారు వచ్చారు. అప్పుడే ట్రైనింగు అయినట్టుంది, జేబుకి రెండు పెన్నులు, నిద్ర అన్నది ఎరగని కళ్ళు. వచ్చిన మొదటి రోజే పుస్తకంలో పై వరుస తాను రాసి, కింద పది వరుసలు చూచిరాత ఇంటి దగ్గర రాసుకురమ్మన్నారు. దాంతోపాటు రోజుకో ఎక్కం.

ఊళ్ళో తల్లులకి ఒళ్ళు మండింది. బడి విడిచాక కొబ్బరాకులు ఈడ్చుకొచ్చేదీ, రేకులు మడత పెట్టేదీ పిల్లలే. "పొద్దున్నుంచీ సాయంత్రం దాకా బడిలో ఏం చేశారంట? అక్కడ చెప్పలేంది మా ఇంటికి పంపడం ఏంటి?" అని పాకల్లో మాట్లాడుకునేవాళ్ళు. మేం లోపలికి వెళ్తే "పిల్ల ఉంది, పిల్ల ఉంది" అని ఒకరినొకరు హెచ్చరించుకుని, ఆ తర్వాత మరికాస్త గట్టిగా మాట్లాడుకునేవాళ్ళు.

నాకైతే ఏడుపొచ్చేది. ఒక సాయంత్రం గట్టు మీద అందరూ తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నేను పాక గుమ్మంలో కూర్చుని పుస్తకం మీద కన్నీళ్ళు కారుస్తున్నాను. రేకుల పని అయిపోయి కుండ చల్లారుతోంది. మామ్మ నా వెనకాల నిలబడి కాసేపు చూసింది.

"ఇంతోటి గీతలకా ఏడుస్తున్నావు? ఇటు తే. ముగ్గు చూసి ముగ్గు వేయడం రాదా నాకు?" అంది.

పెన్సిలు తీసుకుని పై వరుస చూస్తూ కింద వేసింది. ఆవిడకి ఒక్క అక్షరం రాదు. ఏ అక్షరాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తోచిన చోట మొదలుపెట్టి, చేయెత్తకుండా ఒక్క లాగులో ముగించేది, రేకు తీసినట్టే. పది వరుసలూ అయ్యాయి. మాస్టారు రాసిన పై వరుస కన్నా కిందవే అందంగా ఉన్నాయి. నేను అప్పటికే గట్టు మీద ఉన్నాను.

మర్నాడు మాస్టారు నా పుస్తకం అందరికీ ఎత్తి చూపించారు. "చూడండి, ఎంత గుండ్రంగా రాసిందో!" సిగ్గు పడాలన్న సంగతి కూడా తట్టలేదు నాకు. మెడ ఇంకొంచెం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచీ రోజూ అదే పని. మామ్మ రాస్తుంది, నేను ఆడుకుంటాను. బడిలో నల్లబల్ల మీద రాయమన్నప్పుడు మాత్రం నావన్నీ కోడిగీతలు. "ఇంటి దగ్గర అంత బాగా రాస్తావు, ఇక్కడేమైంది?" అని మాస్టారు అడిగితే "ఇక్కడ నించుని రాయాలి కదండీ" అన్నాను. ఆయన బల్ల కిందికి దించి కూర్చుని రాయమన్నారు. అప్పుడు "సుద్ద లావుగా ఉందండి" అన్నాను.

కొన్నాళ్ళు గడిచాక మామ్మ ఊరికే గీయడం మానేసి అడగడం మొదలుపెట్టింది. "ఇదేంటే?"

"మ."

"ఇది?"

"ర."

"రెండూ కలిపితే?"

"మర."

"మరంటే? పిండి మరా?" అని పెన్సిలు కింద పెట్టేసింది. రెండు గీతల్లో పిండిమర దాక్కుని ఉందని ఆవిడ అప్పటిదాకా అనుకోలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఆ నవ్వు ఆగాక చుట్టూ చూసి, మెల్లగా "మీ అత్త ఉత్తరం చదవాలంటే ఇలాంటివి ఇంకా ఎన్ని రావాలే?" అంది.

మా అత్తయ్య మామ్మకి ఒక్కతే కూతురు. జంగారెడ్డిగూడెం అవతల మెట్ట ఊళ్ళో పొగాకు పండించే ఇంటికి ఇచ్చారు. నెలకో కార్డు రాసేది. ఉత్తరం వస్తే మా ఇంట్లో పెద్ద తంతు. తాతయ్య కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చునేవాడు. కండువాతో కళ్ళజోడు తుడిచేవాడు. అందరం చుట్టూ చేరేవాళ్ళం. మామ్మ గుమ్మం లోపల నిలబడేది. తాతయ్య గొంతు సవరించుకుని చదివేవాడు. "ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. వానలు బాగా పడుతున్నాయి. పశువులు బాగున్నాయి. ఇట్లు." రోహిణీ కార్తెలో వచ్చిన కార్డులో కూడా వానలు బాగా పడేవి. మెట్ట ప్రాంతం కదా, అక్కడ అంతే కాబోలు అనుకునేవాళ్ళం. చదివాక కార్డుని చూరుకి వేలాడే ఇనప తీగకి గుచ్చేసేవాడు. జవాబు కూడా ఆయనే రాసేవాడు, మూడు వరుసలు, పెద్ద పెద్ద అక్షరాలతో. పెద్దాయన ఉండగా ఉత్తరం ఇంకొకరు ముట్టుకోవడం మా ఇంట్లో లేదు.

"కార్డు నిండా సందు లేకుండా రాస్తుందే అది" అంది మామ్మ. "ఇటు రాసి, అటు రాసి, అంచుల్లో కూడా రాస్తుంది. మీ తాతయ్య చదివేది నాలుగు ముక్కలు. మిగతాదంతా ఏంటంట?"

"మాస్టారి చేత చదివిద్దాం మామ్మా."

"చాల్లే. ఆయన చదివిన ఉత్తరం మళ్ళీ ఇంకొకరి చేత చదివించడమా? ఆయన పరువేం కాను?"

ఆవిడ బెంగ అదీ. కూతురికి అక్కడ కష్టమేమైనా ఉంటే, అది తాతయ్య తన దగ్గర దాస్తున్నాడేమోనని అనుమానం. కూతురి ఇంటికి వెళ్ళి చూసొద్దామంటే, వియ్యంకుల ఇంటికి పిలవకుండా వెళ్ళడం పద్ధతి కాదు. పిలుపు ఏ ఉత్తరంలోనూ లేదు. కూతురు చివరిసారి పుట్టింటికి వచ్చి మూడేళ్ళయింది.

ఇక చదువు మొదలైంది. నేను టీచరుని. నా వృత్తి జీవితంలో మొదటి శిష్యురాలు మామ్మ. కొబ్బరి ఈనె పుచ్చుకుని మాస్టారిలా అటూ ఇటూ తిరిగేదాన్ని. తప్పు చెబితే "చేయి చాపు" అనేదాన్ని. ముందు నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, తర్వాత బుద్ధిగా చేయి చాపేది. గుణింతాలు రేకుల పని చేస్తూనే వల్లించేది. కి అంటూ గుడ్డ ముంచి, కీ అంటూ లాగేది. పక్కన రేకులు మడిచే ఆడవాళ్ళు ఆవిడ ఏదో స్తోత్రం చదువుకుంటోందనుకున్నారు. నాకు వచ్చిన అక్షరాలన్నీ రెండు నెలల్లో అయిపోయాయి. ఆ తర్వాత బడిలో ఆ రోజు చెప్పింది నా చేత ఒకసారి అనిపించుకుని, ఆవిడే తిరిగి నాకు చెప్పేది. నాకు వినే ఓపిక లేదు, గట్టు మీద నా వంతు వచ్చేది.

అలా సాగుతుండగా ఊరి వాళ్ళు బడి దగ్గర సభ పెట్టారు. చిన్నపిల్లలకి ఇంటిరాతలు మాన్పించాలి. ఊరి తరఫున మాట్లాడేది ఎవరు? కళ్ళజోడు ఉన్న పెద్దమనిషి మా తాతయ్యే. అరుగు మీద కూర్చునే మనిషి కాస్తా ఆ రోజు బడి వసారాలో కుర్చీలో కూర్చున్నాడు.

"మాస్టారండీ, మీరు కుర్రాళ్ళు, ఉత్సాహం ఉంటుంది, కాదనను. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి బళ్ళో చదువు చాలదాండీ? ఇంటికొచ్చాక అమ్మ దగ్గర కూర్చోవాలి, నాలుగు పనులు నేర్చుకోవాలి, ఆడుకోవాలి. ఈ రాతలతో పిల్లల కళ్ళు పోతాయండి" అన్నాడు. అందరూ తలలూపారు. అందరికన్నా గట్టిగా ఊపినదాన్ని నేను.

మాస్టారు దిగాలు పడిపోయారు. "మీ అందరి మాటా అదే అయితే ఆపేస్తానండి" అన్నారు.

అప్పుడు వెనకనుంచి "ఆపకండి మాస్టారూ" అని గొంతు వినిపించింది. పొయ్యి మీద కుండ వదిలేసి, పిండి చేతులతోనే వచ్చేసింది మామ్మ. మగవాళ్ళు కూర్చున్న చోటికి ఆవిడ రావడం అదే మొదలు.

"నీకేం తెలుసని వచ్చావే?" అన్నాడు తాతయ్య.

"ఏమీ తెలీదనే కదండీ వచ్చాను."

ఎవరో "మామ్మగారూ, మీకు తెలీదు, ఇప్పుడు ఒత్తులు కూడా మొదలెట్టారండి. పిల్లలు నలిగిపోతున్నారు" అన్నారు.

"అదే నేనూ చెప్పేది. ఒత్తులు ఇప్పుడేగా మొదలయ్యాయి. ఇంకా సగం ఉన్నాయి. రావత్తు వచ్చింది, యావత్తు వచ్చింది, మధ్యలో ఆపేస్తే మిగతావి ఎవరు చెబుతారు?" అంది. అనేసి నాలిక్కరుచుకుంది.

మాస్టారు బల్ల మీద ఉన్న నా చూచిరాత పుస్తకం తెరిచారు. ప్రతి పేజీ మూలా తెల్లటి వేలిముద్ర ఎండిపోయి ఉంది. ఆయన ఆ ముద్ర చూశారు, మామ్మ చేతులు చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నాను.

"సరేనండి" అన్నారు చివరికి, ఎటో చూస్తూ. "బలవంతం ఏమీ లేదు. వద్దన్నవాళ్ళు రాయక్కర్లేదు. కావాలన్నవాళ్ళకి మాత్రం ఇస్తూ ఉంటాను."

అందరూ సంతోషంగా లేచారు. తాతయ్య తప్ప. నలుగురిలో పెళ్ళాం ఎదురు మాట్లాడిందని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నంలోకి మజ్జిగ కావాలంటే గ్లాసుతో నేల మీద కొట్టేవాడు.

మర్నాడు మాస్టారు నన్ను పిలిచి రెండు పుస్తకాలు ఇచ్చారు. "ఇది నీది. రోజూ బడి విడిచాక నా ఎదురుగా కూర్చుని రాయాలి. ఇది ఇంటికి తీసుకెళ్ళు. ఎవరికని అడగను. పేజీకో చిన్న కథ రాసిచ్చాను, నెమ్మదిగా చదువుకోమను." ఊళ్ళో పిల్లలందరికీ ఇంటిరాత తప్పింది, నాకొక్కదానికీ రెట్టింపయింది. నా జీవితంలో అంత అన్యాయం మళ్ళీ జరగలేదు.

పైగా జిల్లా పటం గీసుకురమ్మన్నారు. మామ్మని బతిమాలాను. "నాకు అక్షరాలు కావాలి గానీ జిల్లాలు ఎందుకే?" అంది. పల్చటి కాగితం పటం మీద పెట్టి గీస్తే వస్తుందని పై తరగతి పిల్ల చెప్పింది. మా ఇంట్లో అలాంటి కాగితం ఎక్కడుంది? కానీ పాక నిండా రేకులున్నాయి, అవతలి మనిషి కనపడేంత పల్చటివి. పొడి రేకు మీద పెన్సిలు పెడితే పటుక్కున విరిగింది. మడత పెట్టేముందు తడిగుడ్డతో ఒత్తి మెత్తబరుస్తారు కదా అని, నేనూ అలాగే తడిపి, మాస్టారిచ్చిన పటాల పుస్తకం మీద పరిచి, జిల్లా అంతా ఒక్క గీతలో గీశాను. నాకు నేనే మెచ్చుకుని ఆరబెట్టాను. తెల్లారి చూస్తే రేకు పుస్తకానికి అతుక్కుపోయింది. దాని చుట్టూ చీమలు బారులు తీరాయి. మాస్టారు గోటితో ఊడదీయబోతే గోదావరి పాయలు రెండూ రేకుతోపాటే ఊడి వచ్చేశాయి. ఆయన చాలాసేపు ఆ తెల్లటి ఖాళీని చూస్తూ కూర్చున్నారు. కొట్టలేదు. "మీ ఊరికి నన్నెందుకు వేశారో" అని మాత్రం అన్నారు.

ఆ వారంలోనే అత్తయ్య కార్డు వచ్చింది. మామూలు తంతు నడిచింది. క్షేమం, వానలు, పశువులు, ఇట్లు. మామ్మ గుమ్మంలోంచి "ఏవండీ, మళ్ళీ ఒక్కసారి చదవండి" అంది. ఎప్పుడూ అలా అడగలేదు. తాతయ్య మళ్ళీ చదివాడు. ఈసారి పశువులు ముందొచ్చాయి, వానలు తర్వాత వచ్చాయి.

మధ్యాహ్నం తాతయ్య పడుకున్నాక రోలు ఎక్కి తీగ మీది కార్డు తీసి పాకలోకి తెచ్చింది. కుండ కింద మంట మండుతోంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నేను భుజం మీంచి చూస్తున్నాను. ఆవిడ ఆగిన చోట నాకూ రావడం లేదు.

"అ... మ్మా. గృ... గృహ... ప్రవేశం. గృహప్రవేశానికి మీ కోసం... పీ... టల మీద... చాలాసేపు... కూర్చున్నాం. పుట్టింటి బట్టలు రాలేదని... మా అత్తగారు..." ఆ తర్వాత రెండు వరుసలు లోపలే చదువుకుంది. చివరి వరుస మళ్ళీ పైకి చదివింది. "ఎన్నిసార్లు రమ్మని రాసినా... నువ్వు ఎందుకు రావమ్మా? నామీద... కోపమా?"

కుండ మీద వదిలేసిన రేకు మాడి నల్లబడింది. మామ్మ చేతిలో రేకు మాడడం నేను చూడడం అదొక్కసారే. కూతురి కొత్త ఇల్లు, మనవరాలి పుట్టినరోజులు, ఆడపడుచు పెళ్ళికి రమ్మన్న పిలుపు, ఒక్కోటీ తీగ మీంచి దించి నాలుగు రోజులు చదివింది. వానల మాట ఒక్క కార్డులోనూ లేదు. తాతయ్యకి తన సంతకమూ, ఆ మూడు వరుసల జవాబూ రాయడం తప్ప చదవడం రాదని, కళ్ళజోడు పెట్టుకున్న పాపానికి ఊరంతా చదువుకున్నవాడనుకుంటే కాదనలేకపోయాడని మా ఇద్దరికే తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ చెప్పేస్తానన్నాను. మామ్మ నా చెంప మీద మెల్లగా తట్టి "నోరు ముయ్యి. ఆయన పెద్దాయన" అంది.

నాలుగో రోజు సాయంత్రం తాతయ్య ముందుకు వెళ్ళి నిలబడింది. "ఏవండీ, నేను రేపు అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను."

"పిలిచారా?"

"పిలిచారండి."

"ఎప్పుడు?"

"మూడేళ్ళ నుంచీ పిలుస్తున్నారు."

తాతయ్య చూరు వైపు చూశాడు. తీగ ఖాళీగా ఉంది. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళి, చీకటి పడకముందే కొత్త చీర, పంచెల చాపు తీసుకొచ్చి మామ్మ పక్కన పెట్టాడు. ఆవిడ మొహం చూడకుండానే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు నాకు కోపం తగ్గి జాలేసింది.

రేకుల డబ్బా, నన్నూ వెంటబెట్టుకుని మామ్మ బయల్దేరింది. రాజమండ్రి దాకా బస్సు, గోదావరి మీద లాంచీ, కొవ్వూరులో మళ్ళీ బస్సు. అక్కడ బోర్డు ముందు నిలబడి "జం... గా... రె..." అని మొదలుపెట్టింది. కండక్టరు కాసేపు చూసి "ఎక్కండి మామ్మగారూ, మీరు పూర్తి చేసేలోపు బస్సు ఊరు చేరిపోద్ది" అన్నాడు. "నువ్వు చెప్పకు, నేను చదువుతాను" అని డెం దాకా చదివాకే కాలు మోపింది. బస్సంతా ఆవిడ కోసం ఆగింది.

అత్తయ్య గుమ్మంలో మమ్మల్ని చూసి కదల్లేదు. "ఇన్నాళ్ళకా అమ్మా?" అంది.

"నాకు ఇప్పుడేనే చదవడం వచ్చింది" అంది మామ్మ.

అత్తయ్యకి అర్థం కాలేదు. "అదేంటి, నాన్నగారు చదవలేదా?"

నేను నోరు తెరిచాను. మామ్మ నా తొడ మీద గిల్లిన గిల్లు ఇప్పటికీ గుర్తుంది. "మీ నాన్నగారికి కళ్ళు సరిగా ఆనడం లేదులే. ఆ సంగతి ఎవరికీ చెప్పకు, ఇదైపోతారు" అంది. అత్తయ్య వచ్చి మామ్మ మెడ మీద వాలిపోయింది. ఇద్దరూ ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను గానీ, అది గిల్లినందుకు.

మేం తిరిగొచ్చాక నెల తిరక్కుండానే పోస్టుమాన్ మా గుమ్మంలో నిలబడి ఒక ఆడమనిషి పేరు గట్టిగా పిలిచాడు. నేను అరుగు మీద కూర్చుని రేకు ముక్క తింటున్నాను. "ఆ పేరుగలవాళ్ళు మా ఇంట్లో లేరండి" అన్నాను. నిజంగానే ఆ పేరు ఎప్పుడూ వినలేదు.

పక్కనే ఉన్న తాతయ్య అలవాటుగా కార్డు కోసం చేయి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. "ఉంది" అన్నాడు. "మా ఇంటిదే. పెరట్లో పాకలో ఉంది. అక్కడికి తీసుకెళ్ళి దాని చేతికియ్యి."

మామ్మ పిండి చేతులు చెంగుకి తుడుచుకుని కార్డు తీసుకుంది. పీట మీద కూర్చుని లోపలే చదువుకుంది. తాతయ్య కాసేపు పెరట్లో అటూ ఇటూ తచ్చాడి, కొబ్బరాకులు సర్దినట్టు నటించి, చివరికి పాక గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏం రాసింది?"

"అన్నీ రాసిందండి."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. రోలు పక్కన కింద చతికిలబడ్డాడు. "అయితే అన్నీ చదువు" అన్నాడు. మామ్మ పొయ్యిలో మంట తగ్గించి, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. కార్డు పూర్తయ్యేసరికి పొద్దువాలింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.

చిన్నపిల్లలకి హోంవర్కు వల్ల లాభముందా అని ఇన్నేళ్ళలో నన్ను ఎంతమంది తల్లులు అడిగారో లెక్కలేదు. అందరికీ ఏవో పెద్ద మాటలే చెప్పాను. నాకు నిజంగా తెలిసింది మాత్రం ఒకటే. హోంవర్కు వల్ల చదువు వస్తుంది, ఎవరు చేస్తే వాళ్ళకి. లోపల జిగురు వేళ్ళతో ఎదురుచూస్తున్న కోడలికీ ఇదే చెప్పబోతున్నాను. ఆ ఏడాది మా ఇంట్లో మూడో తరగతి గట్టెక్కింది మామ్మ. నేను తప్పి, ఆ మరుసటి ఏడు మళ్ళీ అదే మాస్టారి ఎదురుగా, అదే బల్ల మీద కూర్చున్నాను.